భుజానికి మత్తిస్తే ఊపిరి ఎందుకు తగ్గుతుంది?

ఈమధ్య ఒక పాఠకుడు ఉత్తరం రాశారు. వాళ్ల నాన్నగారు మెట్ల మీద జారిపడ్డారట. కాలర్ బోన్ విరిగి, ముక్కలు ఒకదాని మీదికొకటి ఎక్కాయి. ప్లేటు వేయాలన్నారు. "నాన్నగారు ముప్ఫై ఏళ్లు సిగరెట్లు తాగారు. పది మెట్లెక్కితే ఆయాసం. పూర్తి మత్తు తట్టుకోలేరేమోనని మా భయం. మెడ దగ్గర ఇంజెక్షన్ చేసి ఆ పక్క వరకే తిమ్మిరెక్కిస్తారట కదా, అదే చేయమని డాక్టరుగారిని అడగొచ్చా?"

అడగడంలో తప్పేం లేదు. ఊపిరితిత్తులు బాగాలేని మనిషికి పూర్తి మత్తు తప్పిస్తే మంచిదని ఎవరికైనా తోస్తుంది. చేతి ఎముకకో కాలి ఎముకకో అయితే చాలాసార్లు అది నిజం కూడా. కాలర్ బోన్ దగ్గరికొచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. భుజం ఆపరేషన్లకి మెడలో ఇచ్చే పేరున్న ఇంజెక్షన్ ఒకటుంది, ఇంటర్‌స్కేలీన్ బ్లాక్ అంటారు. దాన్ని పాత పద్ధతిలో 20 మి.లీ. చొప్పున ఇస్తే, ఆ పక్క డయాఫ్రమ్ (ఊపిరి ఆడించే పెద్ద కండరం, బడి పుస్తకాల్లో ఉదర వితానం) కొన్ని గంటలపాటు పడిపోతుంది. ఏ వందమందిలో ఒకరికో కాదు, దాదాపు ప్రతి ఒక్కరికీ. ఊపిరి పీల్చి వదిలే సామర్థ్యం పావు వంతు దాకా తగ్గుతుంది. గట్టి మనిషికి ఆ సంగతే తెలియదు, రెండో పక్క సర్దుకుంటుంది. పది మెట్లకే ఆయాసపడే పెద్దాయనకి ఆ పావు వంతే ప్రాణం మీదికి తేవచ్చు.

ముందు "మత్తు" అనే మాట సంగతి చూద్దాం. రెండు వేర్వేరు పనుల్ని మనం ఈ ఒక్క పేరుతోనే పిలుస్తాం. పూర్తి మత్తులో, అంటే జనరల్ అనస్థీషియాలో, నరాల్లో కరెంటు ఆగదు. కత్తి పడగానే వార్త తీగ వెంట బయల్దేరి వెన్నుపాము దాకా, ఆపైకి కూడా వెళ్తుంది. కాకపోతే ఇంట్లో అంతా నిద్రపోతున్నారు, తలుపు కొట్టినా తీసేవాళ్లు లేరు. అందుకే గాఢంగా మత్తులో ఉన్న మనిషికి కూడా చర్మం కోసినప్పుడు నాడి వేగం పెరుగుతుంది, బీపీ ఎగురుతుంది. మెడలో ఇచ్చే ఇంజెక్షన్ లాంటి నర్వ్ బ్లాక్ దీనికి తలకిందులు. ఇంట్లో అందరూ మేలుకునే ఉంటారు, లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఒక్క వీధికి ఫ్యూజు పీకేస్తాడు.

ఆ ఫ్యూజు పీకే తీరు నాకు భలే ఇష్టం. నరంలో వార్త నడవాలంటే సోడియం అయాన్లు దాని పొరలోని సన్నని దారుల గుండా లోపలికి దూకాలి. లిగ్నోకెయిన్, బుపివకెయిన్ లాంటి మందులు ఆ దారిని బయటి నుంచి మూయవు. మందు అణువుల్లో కొన్ని విద్యుదావేశం లేకుండా ఉంటాయి, కొవ్వుతో చేసిన నరం పొరని దాటగలిగేవి అవే. శరీరంలోని 7.4 పీహెచ్ దగ్గర లిగ్నోకెయిన్‌లో ఇలాంటివి సుమారు నాలుగో వంతు. లోపలికి వెళ్లాక వాటిలో చాలా వాటికి ఒక ప్రోటాన్ అంటుకుంటుంది, ఆవేశం వస్తుంది. అప్పుడు సోడియం దారిని లోపలి వైపు నుంచి బిరడా కొట్టేస్తాయి. దొంగ మామూలు మనిషి వేషంలో ఇంట్లో దూరి, లోపల గడియ పెట్టుకున్నట్టు. చీము పట్టిన చోట మత్తింజెక్షన్ సరిగా పని చేయకపోవడానికీ ఇదొక కారణం. అక్కడ ఆమ్లం ఎక్కువ కాబట్టి ప్రోటాన్ బయటే అంటుకుంటుంది, లోపలికి దూరగలిగే అణువులు తగ్గిపోతాయి.

సరే, కాలర్ బోన్ ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది? ఇక్కడే ఉంది మెలిక. వేలితో మీ కాలర్ బోన్ తడిమి చూడండి. వేలికి తగిలే చర్మానికి నరాలు మెడ పైభాగం నుంచి, సి3, సి4 అనే నరాల వేర్ల నుంచి దిగుతాయి (సి అంటే మెడ, అంకె పైనుంచి వరస). అదే ఎముక వెనకగా పోయే చేతి నరాలు సి5 నుంచి మొదలయ్యే వేరే గుంపు. ఎముక మీది పొరకి (విరిగినప్పుడు ప్రాణం తోడేసే నొప్పి చాలావరకు ఆ పొరదే) ఈ రెండు గుంపుల నుంచీ కొమ్మలు వస్తాయి. ఏది ఎంత అన్నదాంట్లో శరీర నిర్మాణ పుస్తకాలు ఒక్క మాట మీద లేవు. రెండు మండలాల పొలిమేరలో ఉన్న ఇల్లన్నమాట. ఒక ఫీడర్ ఆపితే వరండా దీపం ఆరుతుంది, వంటింటి దీపం వెలుగుతూనే ఉంటుంది. చేతి నరాలకి మాత్రమే మందు ఇచ్చి మొదలుపెడితే, చర్మం మీద మొదటి గాటుకే మనిషి ఉలిక్కిపడతాడు. అందుకని ఇంటర్‌స్కేలీన్‌తో పాటు మెడ పక్కన చర్మం కింద ఇంకో చిన్న ఇంజెక్షన్ ఇస్తారు.

ఈ రెండు ఫీడర్ల నడుమ నుంచే మూడో తీగ ఒకటి పోతుంది. అదే డయాఫ్రమ్‌ని నడిపే ఫ్రెనిక్ నరం. దాని వేర్లు సి3, సి4, సి5. మెడికల్ కాలేజీలో దీన్ని "సి త్రీ, ఫోర్, ఫైవ్ కీప్ ద డయాఫ్రమ్ అలైవ్" అని పద్యంలా బట్టీ పట్టిస్తారు. పొట్టకీ ఛాతీకీ మధ్య ఉన్న కండరానికి నరం మెడ నుంచి ఎందుకు రావాలి, పక్కనే ఉన్న వెన్ను నుంచి రావొచ్చు కదా అని అడిగితే చాలామంది మాస్టార్లు "అదంతే" అంటారు. అదంతే కాదు. నాలుగో వారం పిండంలో డయాఫ్రమ్‌లో ప్రధాన భాగమయ్యే పొర నిజంగానే మెడ దగ్గర ఉంటుంది. దాని నరం అక్కడే దానికి అతుక్కుంటుంది. తర్వాత పిండం పొడుగు సాగేకొద్దీ ఆ పొర కిందికి జారుతుంది, నరం తెగకుండా వెంట సాగుతూ వస్తుంది. పుట్టింటి ఊరు వదిలి ఎంత దూరం వచ్చినా, కరెంటు మాత్రం పుట్టింటి స్తంభం నుంచే.

ఈ పుట్టింటి బంధం ఇంకో చోటా బయటపడుతుంది. లాపరోస్కోపీతో పిత్తాశయం తీయించుకున్నవాళ్లు మర్నాడు "భుజం లాగేస్తోంది, ఆపరేషన్ టేబుల్ మీద చెయ్యి మెలిపెట్టారా ఏంటి?" అంటారు. పొట్టలోకి ఊదిన గ్యాస్ డయాఫ్రమ్‌ని రాపిడి పెడుతుంది. ఆ వార్త సి4 వీధికి చేరుతుంది. మెదడుకి ఆ వీధిలో బాగా తెలిసిన చిరునామా భుజమే, నొప్పిని అక్కడ రాసేసుకుంటుంది.

అల్ట్రాసౌండ్ తెర మీద మెడ లోపల చూస్తే రెండు కండరాల నడుమ చేతి నరాల వేర్లు నల్లటి గుండ్రాలుగా, ఒకదాని కింద ఒకటి, ట్రాఫిక్ లైట్‌లా కనిపిస్తాయి. సూది మొన తెల్లగీతలా వాటి పక్కకి జరుగుతుంది. మందు దిగుతుంటే నల్లటి నీడ ఉబ్బి గుండ్రాలని చుట్టుకుంటుంది. గొంతు ముడి కింది ఎత్తులో పై గుండ్రానికీ ఫ్రెనిక్‌కీ మధ్య దూరం సుమారు 2 మి.మీ. 20 మి.లీ. నీళ్లు ఒలికితే 2 మి.మీ. గట్టు ఏం ఆపుతుంది? అసలే ఫ్రెనిక్ వేర్లలో ఒకటి సి5, మందు తగలాల్సిన వేరూ అదే. మందుని 5 మి.లీ.కి తగ్గిస్తే డయాఫ్రమ్ పడిపోయేవాళ్లు దాదాపు సగానికి తగ్గుతారు. సగం అంటే ఇంకా ఎక్కువే.

మందు ఇంకాస్త పాకితే ఆ పక్క కనురెప్ప వాలుతుంది, కనుపాప చిన్నదవుతుంది, గొంతు బొంగురుపోతుంది. బయట కూర్చున్న బంధువులు అది చూసి "మెడలో సూది పొడిచారు, పక్షవాతం వచ్చేసింది" అని గగ్గోలు పెడతారు. మందు ప్రభావం తగ్గగానే అన్నీ సర్దుకుంటాయి. ఈ ముక్క ముందే చెప్పి ఉంటే సగం గొడవ తప్పేది.

ఈ విద్య కొత్తదేం కాదు. 1884లో కార్ల్ కోలర్ అనే కంటి డాక్టరు కంటికి కొకెయిన్ చుక్కలు వేసి చూపించాక, అమెరికా సర్జన్ హాల్‌స్టెడ్ మెడ కోసి నరాలకి నేరుగా కొకెయిన్ పట్టించాడు. తన మీదే ప్రయోగాలు చేసుకుని ఆ మందుకి బానిసయ్యాడు. 1911లో కూలెన్‌కాంఫ్ అనే జర్మన్ డాక్టరు కాలర్ బోన్ పైన చర్మంలోంచి సూది గుచ్చి తన చేతినే మొద్దుబార్చుకున్నాడు.

మరి పాఠకుడి నాన్నగారికి దారేది? లైన్‌మన్ స్తంభం దగ్గరికి పోకుండా ఇంటి గుమ్మంలోనే తీగ తప్పించవచ్చు. 2017లో స్పెయిన్ డాక్టర్లు వివరించిన క్లావిపెక్టోరల్ బ్లాక్ అలాంటిదే. విరిగిన చోటికి అటూ ఇటూ, ఎముక మీదనే, దాన్ని కప్పిన పొర కింద మందు పరుస్తారు. చర్మం కోసం మెడ పక్కన పైపై ఇంజెక్షన్ తోడవుతుంది. ఫ్రెనిక్‌కి దూరంగా ఉంటుంది కాబట్టి ఊపిరి జోలికి పెద్దగా పోదు. చెయ్యి కూడా కదులుతూనే ఉంటుంది.

అలాగని పూర్తి మత్తుని రాక్షసుడిని చేయకూడదు. ఈ ఆపరేషన్లో తల పక్కకి తిప్పి, ముఖం మీదుగా గుడ్డలు కప్పేస్తారు. చెవి పక్కనే డ్రిల్ మోగుతుంది. మధ్యలో మనిషి కంగారుపడితే మత్తు డాక్టరు గుడ్డల కిందికి దూరి గొట్టం వేయడం నరకం. అందుకే చాలామంది ముందే నిద్రపుచ్చి, బ్లాక్ కూడా ఇస్తారు. వార్తే రాదు కాబట్టి నిద్రమందు తక్కువ సరిపోతుంది. బ్లాక్ ఒక్కటే ఇచ్చినా ఆరు గంటల ముందు నుంచి తిండి ఆపమంటారు. అది చాదస్తం కాదు, బ్లాక్ చాలకపోతే అప్పటికప్పుడు నిద్రపుచ్చాల్సి వస్తుంది.

పాఠకుడు మళ్లీ రాశారు. ఎముక మీద బ్లాక్, మెడ పక్కన చిన్న ఇంజెక్షన్, కాస్త మగత మందు, అంతే చేశారట. సాయంత్రం ఆయన హాయిగా కబుర్లు చెప్పారు, నొప్పి లేదు కదా అని మాత్రలు పక్కన పెట్టేశారు. రాత్రి రెండింటికి బిరడా ఊడింది. ఇంట్లో ఎవరూ మళ్లీ పడుకోలేదట.