పారశీకుడి ముఖం ఎక్కడికి పోయింది?

తెనాలి,
ఆదివారం

చిన్నా, బుజ్జీ,

ఇద్దరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

మీరు వెళ్ళి పది రోజులైంది. మేడ మీద వదిలేసి వెళ్ళిన అట్టపెట్టె డాళ్ళు రెండూ తడిసిపోకుండా లోపల పెట్టాను. దసరా సెలవుల్లో మీరు ఆడిన యుద్ధం ఆట వంటింట్లోంచి వింటూనే ఉన్నాను. చిన్నా, నువ్వు ఎప్పుడూ స్పార్టా రాజువే. బుజ్జీ, నువ్వు ఎప్పుడూ పారశీక సైన్యానివే, ఎప్పుడూ చావాల్సిందే. ఆఖరి రోజు నువ్వు డాలు విసిరేసి "నేనెందుకు ఎప్పుడూ రాక్షసిని?" అని ఏడిస్తే, "సినిమాలో అంతే ఉంది అమ్మమ్మా" అన్నాడు అన్నయ్య. పొయ్యి మీద పప్పు ఉండి అప్పుడు సరిగ్గా సమాధానం చెప్పలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకి సోషల్ పాఠాలు చెప్పినదాన్ని, ఆ ప్రశ్నని అలా వదిలేయడం నాకు నచ్చలేదు. అందుకే ఈ ఉత్తరం.

మీరు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చూసిన ఆ సినిమా పేరు '300'. పెద్దవాళ్ళ కోసం తీసింది. మీరు వెళ్ళాక మామయ్య చేత పెట్టించుకుని మొత్తం చూశాను. 1998లో వచ్చిన ఒక బొమ్మల కథ ఆధారంగా జాక్ స్నైడర్ తీస్తే 2007లో థియేటర్లకు వచ్చింది. అందులో కనిపించే కొండ, సముద్రం, ఎర్రటి ఆకాశం దాదాపు ఏవీ నిజం కాదు. కెనడాలోని మాంట్రియాల్‌లో స్టూడియో లోపల నీలం తెరల ముందు నటులు కత్తులు తిప్పితే, మిగతాదంతా కంప్యూటర్లో గీసి కలిపారు. చూడటానికి చాలా బాగుంది, కాదనను. అంత బాగుంది కాబట్టే ఈ మాటలు చెప్పాలనిపించింది.

ముందు జరిగినది చెబుతాను. క్రీస్తుపూర్వం 480లో పారశీక చక్రవర్తి జెర్క్సిస్ గ్రీసు మీదికి పెద్ద సైన్యంతో వచ్చాడు. పదేళ్ళ ముందు అతని తండ్రి డేరియస్ పంపిన సైన్యం మారథాన్ దగ్గర ఓడిపోయింది. ఈసారి కొడుకు స్వయంగా బయలుదేరాడు. దారిలో థర్మోపైలే అని ఒక ఇరుకు. ఒక పక్క కొండ, ఒక పక్క సముద్రం, మధ్యలో కొన్నిచోట్ల ఒక్క బండి పట్టేంత దారి. దగ్గర్లో వేడినీటి ఊటలుంటాయి, ఆ పేరుకి అర్థమే 'వేడి ద్వారాలు'. అక్కడ గ్రీకులు అడ్డు నిలిచారు. గ్రీకు నగరం స్పార్టా వాళ్ళు మూడొందలమంది అన్నది నిజమే. కానీ మిగతా ఊళ్ళవాళ్ళతో కలిపితే మొత్తం ఏడువేల దాకా ఉన్నారు. రెండు రోజులు ఆపారు. ఎఫియాల్టీస్ అనే ఆ చుట్టుపక్కల మనిషి కొండదారి చూపించడంతో మూడో రోజు పారశీకులు వెనకనుంచి వచ్చారు. స్పార్టా రాజు లియోనిడాస్ చాలామందిని పంపించేసి, తను ఉండిపోయి చనిపోయాడు. ఆ రోజు అతనితో థెస్పియా అనే చిన్న ఊరివాళ్ళు ఏడొందలమంది కూడా ఉండిపోయారు. స్పార్టావాళ్ళ కంటే రెట్టింపు పైనే. సినిమాలో వాళ్ళు లేరు. చిన్నా, ఇంతకాలం నీ ఆటలో కూడా లేరు.

ఇప్పుడు నీ డాలు సంగతి. సినిమాలో స్పార్టా సైనికులకు శిరస్త్రాణం, కాళ్ళ తొడుగులు ఉంటాయి గానీ, ఒంటి మీద ఎర్ర దుప్పటి, నడుముకు చిన్న గుడ్డ తప్ప ఏమీ ఉండదు, కండలు కనబడాలి కదా. అసలు సైనికుడికి తలకు కంచు శిరస్త్రాణం, కాళ్ళకు కంచు తొడుగులు, చాలామందికి ఛాతీకి కూడా కవచం ఉండేది. చేతిలో నిలువెత్తు దాటిన ఈటె, దాదాపు మూడడుగుల అడ్డం ఉన్న గుండ్రటి బరువు డాలు. ఆ డాలులో సగం నిన్ను కాపాడుతుంది, మిగతా సగం నీ ఎడమపక్క నిలబడ్డవాణ్ణి కాపాడుతుంది. నిన్ను నీ కుడిపక్కవాడు కాపాడాలి. అలా డాలుకు డాలు ఆనించి వరసలు వరసలుగా నిలబడేవారు. హెరొడోటస్ అని ఆ తరం తర్వాత ఈ కథ రాసిన గ్రీకాయన, పారశీకులు ఆ ఇరుకులో ఎందుకు నెట్టుకురాలేకపోయారో తేలిక మాటల్లో చెప్పాడు. వాళ్ళ ఈటెలు గ్రీకుల ఈటెలకంటే పొట్టివి, చోటు ఇరుకు కాబట్టి సంఖ్య ఎంత ఉన్నా ఉపయోగం లేకపోయింది. గ్రీకులు నిలబడగలిగింది కంచు వల్ల, ఈటె పొడవు వల్ల, వరస వల్ల. సినిమా ఛాతీ మీది కవచం తీసేసి కండలు చూపించింది. వరస కూడా కాసేపే ఉంచింది. ఆ తర్వాత ఒక్కొక్కడూ ముందుకు దూకి స్లో మోషన్‌లో ఒంటరిగా పదిమందిని నరుకుతాడు.

అలా ముందుకు దూకినవాణ్ణి స్పార్టా ఏమనేదో తెలుసా? దానికో నిజం కథ ఉంది. మూడొందలమందిలో అరిస్టోడెమస్ అనే అతనికి కంటి జబ్బు వచ్చింది. యుద్ధానికి పనికిరాక తిరిగి ఇంటికి వచ్చాడు. ఊళ్ళో ఎవరూ అతనితో మాట్లాడలేదు, పొయ్యి రాజేసుకోవడానికి నిప్పు కూడా ఇవ్వలేదు. 'పిరికి అరిస్టోడెమస్' అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది పారశీకులతోనే జరిగిన ప్లాటియా యుద్ధంలో అతను వరస వదిలి ఆవేశంగా ముందుకు ఉరికి, పోరాడి చచ్చిపోయాడు. అందరికంటే ధైర్యవంతుడు అతనే అని హెరొడోటస్ అభిప్రాయం. స్పార్టా మాత్రం అతనికి గౌరవం ఇవ్వలేదు. చావాలని కోరుకుని వరస వదిలి వెళ్ళాడు, అది వీరత్వం కాదు అంది. సినిమాలో కన్ను పోయి ఇంటికి తిరిగొచ్చిన సైనికుడు గుర్తున్నాడా, కథంతా చెప్పేవాడు? అతన్ని అందరూ నెత్తిన పెట్టుకుంటారు. అసలు మనిషికి నిప్పు పుట్టలేదు. నాకు ఆ నిప్పు మాట చదివినప్పుడల్లా కడుపులో దేవినట్టుంటుంది.

బుజ్జీ, ఇక నీ పక్షం.

సినిమాలో జెర్క్సిస్ ఏడడుగుల మనిషి. నున్నటి గుండు, ముఖమంతా పోగులు, ఒంటి నిండా గొలుసులు, తనే దేవుణ్ణి అంటాడు. పెర్సెపొలిస్ అని ఇరాన్‌లో పారశీక రాజుల నగరం ఉండేది, దాని రాళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ శిల్పాల్లో రాజు ఎలా ఉంటాడో చూడు. ఛాతీ దాకా పొడవాటి ఉంగరాల గడ్డం, పాదాల దాకా కుచ్చిళ్ళ అంగీ, ఒక చేతిలో పొడవాటి కర్ర, ఇంకో చేతిలో తామరపువ్వు. ఈ రాజులు తాము దేవుళ్ళమని రాయించుకోలేదు. మా దేవుడు అహురమజ్దా దయవల్ల నేను రాజునయ్యాను అని శాసనాల్లో చెక్కించారు. వాళ్ళ పదివేల సైనికుల దళానికి గ్రీకులు 'అమరులు' అని పేరు పెట్టారు. చావు లేదని కాదు, ఒకరు పోతే వెంటనే ఇంకొకరిని చేర్చి లెక్క తగ్గకుండా చూసేవారు కాబట్టి. సినిమాలో వాళ్ళకు వెండి ముసుగులు వేశారు, ముసుగు తీస్తే లోపల మనిషి ముఖమే లేదు. పారశీకుల రాజధానుల్లో ఒకటైన సూసా కోటలో రంగు ఇటుకలతో చేసిన పారశీక భటుల బొమ్మలు ఇప్పుడు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. పూలపూల అంగీలు, వీపున విల్లు, అమ్ములపొది, రెండు చేతులతో నిటారుగా పట్టుకున్న ఈటె, శ్రద్ధగా దువ్విన గడ్డాలు. పెళ్ళికి తయారైనట్టుంటారు. ఇక ఖడ్గమృగాలు, ఏనుగులు జెర్క్సిస్ వెంట రాలేదు. ఒంటెలు మాత్రం వచ్చాయి.

మన దగ్గర రామారావుగారు రాముడూ వేశారు, రావణుడూ వేశారు. రావణుడు తెరమీదికి వస్తే లేచి చూడాలనిపించేది. శత్రువుని అంత గొప్పగా చూపిస్తేనే కదా, గెలిచినవాడి గెలుపుకి బరువు. పారశీకులకి ఆ మర్యాద దక్కలేదు. సినిమా వచ్చినప్పుడు ఇరాన్‌లో ప్రభుత్వం దగ్గర్నుంచి సామాన్యుల దాకా బాధపడి నిరసన చెప్పింది ఇందుకే.

ఇంకో సంగతి చెబితే ఇద్దరూ ఆశ్చర్యపోతారు. ఆ సైన్యంలో ఏయే దేశాలవాళ్ళు ఏం కట్టుకుని వచ్చారో హెరొడోటస్ వరసపెట్టి రాశాడు. అందులో భారతీయులు ఉన్నారు! సింధు నది వైపు ప్రాంతం అప్పుడు పారశీకుల పాలనలో ఉండేది. వాళ్ళు నూలు బట్టలు కట్టుకుని, వెదురులాంటి బోలు కర్రతో చేసిన విల్లులు, అదే కర్రతో చేసిన ఇనప ములుకుల బాణాలు పట్టుకుని వచ్చారట. మన పుస్తకాల్లో గ్రీకులను 'యవనులు' అంటాం చూడండి, అది కూడా గ్రీకులకు పారశీకులు వాడిన 'యౌన' అన్న మాటకు చుట్టమే. అంటే బుజ్జీ, నువ్వు నాలుగు రోజులు రాక్షసివై చచ్చిన ఆ పక్షంలో, నూలు బట్ట కట్టుకున్న మనవాడు ఒకడు విల్లు పట్టుకుని ఉన్నాడు.

చిన్నా, నీకు బాగా ఇష్టమైన సీన్ ఒకటుంది. లొంగిపోయినందుకు గుర్తుగా మట్టి, నీళ్ళు ఇమ్మని అడగడానికి వచ్చిన రాయబారిని లియోనిడాస్ బావిలోకి తన్నుతాడు. మంచం మీదినుంచి దిండ్లను తన్ని ఎన్నిసార్లు చేశావో! అలాంటిది నిజంగానే జరిగింది, కానీ అది జెర్క్సిస్ కాలంలో కాదు, అతని తండ్రి డేరియస్ కాలంలో. లియోనిడాస్ అప్పటికి రాజే కాదు. స్పార్టావాళ్ళు డేరియస్ రాయబారులను బావిలోకి తోసి, మట్టీ నీళ్ళూ అక్కడ తీసుకోండి అన్నారు. సినిమా అక్కడితో చప్పట్లు కొట్టించి వదిలేస్తుంది. హెరొడోటస్ వదల్లేదు. ఆ తర్వాత స్పార్టాలో బలులిచ్చినప్పుడల్లా చెడు శకునాలు వచ్చాయట. రాయబారులను చంపడం అంటే దేవుళ్ళకు కోపం తెప్పించే పాపం. సభలు పెట్టి, స్పార్టా కోసం చావడానికి ఎవరైనా ముందుకొస్తారా అని అడిగారు. స్పెర్థియాస్, బూలిస్ అని ఇద్దరు వచ్చారు, ఇద్దరూ ఉన్నవాళ్ళ పిల్లలే. ఆ ప్రాణాలకు బదులు మా ప్రాణాలు తీసుకోండి అని చెప్పడానికి సూసా దాకా వెళ్ళారు. జెర్క్సిస్ ముందు సాష్టాంగపడమని భటులు మెడలు వంచబోతే, మనిషికి సాష్టాంగపడే అలవాటు మాకు లేదు అని నిలబడ్డారు. చంపండి అన్నారు. ఆ రాజు ఏం చేశాడనుకున్నావు? మనుషులందరి ధర్మాన్ని మీరు తప్పారు, మీరు చేసిన పని నేను చేయను, మిమ్మల్ని చంపి మీవాళ్ళ తప్పు చెరపను అని ప్రాణాలతో పంపించేశాడు.

ఇది రాసింది గ్రీకాయనే. చావడానికి అంత దూరం వెళ్ళిన ఆ ఇద్దరూ గొప్పవాళ్ళే, వదిలేసిన రాజూ గొప్పవాడే. అలా అని జెర్క్సిస్ ఎప్పుడూ అలాగే ఉన్నాడని కాదు. ఏథెన్స్‌ని తగలబెట్టించింది అతనే. లియోనిడాస్ చనిపోయాక తల నరికించి కొయ్యకు గుచ్చించింది కూడా అతనే. ఇటుపక్క స్పార్టా కూడా, సినిమాలో స్వేచ్ఛ స్వేచ్ఛ అని అరుస్తుంది గానీ, వాళ్ళ పొలాలు దున్నింది హెలాట్లు అనే బానిసలు. థర్మోపైలేలో యజమానులతో పాటు వాళ్ళూ చచ్చిపోయారు. వాళ్ళ లెక్క ఏ సినిమా పేరులోనూ లేదు.

2014లో వచ్చిన రెండో భాగం గురించి ఎక్కువ రాయను. మారథాన్‌లో డేరియస్‌కి బాణం తగిలినట్టు అందులో చూపించారు, డేరియస్ అసలు మారథాన్‌కే రాలేదు. జెర్క్సిస్ పక్షాన ఓడలతో వచ్చిన రాణి ఆర్టెమిసియా సలామిస్ సముద్ర యుద్ధంలో చనిపోయినట్టు చూపించారు. నిజానికి సముద్రం మీద యుద్ధం వద్దని జెర్క్సిస్‌కి ముందే చెప్పింది ఆవిడే. బతికి బయటపడింది, ఓటమి తర్వాత జెర్క్సిస్ తన పిల్లల్ని క్షేమంగా ఎఫెసస్ చేర్చమని ఆవిడకే అప్పజెప్పాడు. ఆవిడ ఏలిన హలికర్నాసస్ ఊరే హెరొడోటస్ పుట్టిన ఊరు.

ఒక్క మనిషి గురించి చెప్పి ఆపుతాను. ఎస్కిలస్ అని ఏథెన్స్ కవి. నాటకాలు రాసేవాడు. మారథాన్‌లో తనే డాలు పట్టి పోరాడాడు. అతని తమ్ముడో అన్నో అక్కడే చనిపోయాడు. సలామిస్ గెలిచిన ఎనిమిదేళ్ళకు, క్రీస్తుపూర్వం 472లో, ఆ యుద్ధం మీద ఒక నాటకం వేశాడు. ఆ చోటు ఊహించుకోండి. జనం కొండ వాలులో కూర్చున్నారు. వెనక కొండ మీద పారశీకులు కాల్చిన గుడి ఇంకా శిథిలంగానే ఉంది, కట్టలేదు. చూసేవాళ్ళలో ఆ యుద్ధంలో తెడ్డు వేసినవాళ్ళున్నారు, కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్ళున్నారు. వాళ్ళ ముందు ఎస్కిలస్ ఏథెన్స్‌ని చూపించలేదు. కథ మొత్తం సూసాలో నడిపించాడు. జెర్క్సిస్ తల్లి కబురు కోసం ఎదురుచూస్తుంటుంది, రాత్రిళ్ళు పీడకలలు వస్తుంటాయి. దూత వస్తాడు, చనిపోయిన పారశీకుల పేర్లు ఒక్కొక్కటే చదువుతాడు. చివర్లో జెర్క్సిస్ చిరిగిన బట్టలతో ఒంటరిగా వచ్చి ఏడుస్తాడు. రాక్షసులు లేరు, ముసుగులు లేవు. ఇల్లు కాలినవాళ్ళు, కాల్చినవాళ్ళ తల్లి ఏడుపు కూర్చుని విన్నారు, విని ఆ ఏడాది నాటకాల పోటీలో మొదటి బహుమతి అతనికే ఇచ్చారు.

మన ఊళ్ళో వానలు తగ్గాయి, మీ డాళ్ళు ఆరిపోయాయి. సంక్రాంతికి వచ్చినప్పుడు స్పెర్థియాస్, బూలిస్‌ల కథ ఆడుదురుగాని. చిన్నా, నువ్వు, పక్కింటి తమ్ముడు ఆ ఇద్దరూ అవ్వండి. మేడ మెట్ల కింద నుంచి పైదాకా నడిచి రావాలి, అది సూసా దారి. పైన కుర్చీలో జెర్క్సిస్‌గా బుజ్జి కూర్చుంటుంది. నా పట్టు చీరొకటి తీసి ఉంచాను, కుచ్చిళ్ళు పెట్టి అంగీలా కడతాను. తామరపువ్వు దొరక్కపోతే మన పెరట్లో మందారం కోసిస్తాను.

అమ్మకీ నాన్నకీ ఆశీస్సులు చెప్పండి.

ప్రేమతో,
అమ్మమ్మ