ఆల్బట్రాస్ అంటే క్రీస్తేనా? కోల్‌రిడ్జ్ కావ్యంపై అపోహలు - వాస్తవాలు

డిగ్రీ, పీజీ క్లాసుల్లో ఆంగ్ల కవి కోల్‌రిడ్జ్ రాసిన ‘ద రైమ్ ఆఫ్ ది ఏన్షియెంట్ మారినర్’ చాలా ఏళ్లుగా చెబుతున్నాను. ఆల్బట్రాస్ అనే పెద్ద సముద్రపక్షిని చంపి, ఆ పాపానికి శాపం అనుభవించిన ఓ ముసలి నావికుడు చెప్పే కథ ఇది. పేపర్లు దిద్దడానికి కూర్చుంటే ఏటా అవే మాటలు ఎదురవుతాయి. తప్పు పిల్లలది కాదు, గైడ్లలో ఉన్నదే రాస్తారు. కానీ ఆ మాటలే పట్టుకుని చదివితే ఈ కావ్యంలోని భయం మన దాకా రాదు. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: పక్షి క్రీస్తు, దాన్ని చంపిన నావికుడు క్రీస్తును పట్టిచ్చిన శిష్యుడు యూదా.

వాస్తవం: క్రైస్తవ సంకేతాలు ఉన్నాయి, కాదనలేం. మంచులో చిక్కుకున్న ఓడ దగ్గరికి వచ్చిన పక్షిని నావికులు, అదొక క్రైస్తవ ఆత్మ అయినట్టు దేవుడి పేరు తలచి పిలుస్తారు. తర్వాత శిలువకు బదులు చచ్చిన పక్షిని చంపినవాడి మెడకు వేలాడదీస్తారు. అయితే గమనించండి: ‘అయినట్టు’, ‘బదులు’. కవి పోలిక దగ్గరే ఆగాడు. పక్షిని చంపినందుకు తిట్టిన తోటివాళ్లే పొగమంచు విడిపోగానే మంచి పని చేశావన్నారు. చివరికి ఆ 200 మందీ చనిపోయారు, చంపినవాడు మిగిలాడు. అదీ ఎలా? చావు, బతికుండగానే చావు అనే ఇద్దరు పాచికలాడితే, నావికుడు ఆ రెండో ఆమె వంతుకు వచ్చాడు. పాచికలు తేల్చే తీర్పులో ఏ చర్చి చెప్పే న్యాయం ఉంది? పక్షికి క్రీస్తు అని పేరు పెట్టేస్తే ఈ ప్రశ్నే పుట్టదు.

అపోహ: నల్లమందు మత్తులో రాసిన కావ్యం.

వాస్తవం: 1797 నవంబరులో ఇంగ్లండ్‌లోని క్వాంటాక్ కొండల్లో తన మిత్రుడు, కవి వర్డ్స్‌వర్త్‌తో, ఆయన చెల్లెలు డరొతీతో నడుస్తూ మొదలుపెట్టాడు. పక్షిని చంపే సంగతి సూచించింది వర్డ్స్‌వర్తే. 1726లో అచ్చయిన, షెల్వాక్ అనే నావికుడి సముద్రయాన గ్రంథంలో అది ఉంది. నెలల తరబడి చెక్కి 1798లో ‘లిరికల్ బాలడ్స్’ అనే కవితా సంపుటిలో అచ్చువేశాక కూడా కోల్‌రిడ్జ్ దాన్ని దిద్దుతూనే ఉన్నాడు. లాడనం (నల్లమందు కలిపిన ద్రావకం) అప్పటికే అప్పుడప్పుడు తీసుకునేవాడు కానీ, వదలని వ్యసనంగా మారింది ఆ తర్వాతే.

అపోహ: జంతువులను ప్రేమించమన్నదే నీతి.

వాస్తవం: ఇందులో నీతి లేదని ఆనాటి రచయిత్రి మిసెస్ బార్బాల్డ్ అంటే, ఉన్న నీతే మరీ ఎక్కువైందని కవి బదులిచ్చాడు. అంటే నీతి చెప్పడమే కావ్యం పని అని కవే అనుకోలేదు.

అపోహ: నీటిపాములను దీవించగానే శాపం తీరిపోయింది.

వాస్తవం: మెడలోని పక్షి జారి సముద్రంలో పడింది, నిజమే. ప్రార్థన నోటికొచ్చింది. కానీ ఒడ్డుకు చేరి సన్యాసి ముందు పాపం చెప్పుకున్నాక కూడా ఆ వేదన చెప్పాపెట్టకుండా తిరిగొస్తూనే ఉంటుంది. వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరికి కథ చెప్పాల్సిందే.

అపోహ: ఇది కోల్‌రిడ్జ్ ఆత్మకథ.

వాస్తవం: నాకు అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు ఆయనకు 25 ఏళ్లు. యూనిటేరియన్ అనే క్రైస్తవ శాఖ ప్రార్థనా మందిరాల్లో ప్రసంగాలు చేస్తున్నాడు. సముద్రం దాటి పరదేశం వెళ్లనే లేదు. కావ్యం ముందు, కష్టాలు తర్వాత. 1799లో తాను జర్మనీలో ఉండగా ఇంటి దగ్గర పసిబిడ్డ చనిపోయాడు. వ్యసనం పట్టేసింది, కాపురం చెడింది. 1804లో మాల్టాకు ఓడలో వెళ్తుంటే నావికులు ఒక డేగను కాల్చబోయారు. తన కావ్యమే ఎదురొచ్చి నిలబడినట్టు కాదూ! మనిషిలో ఈ చంపాలనే కోరిక ఏమిటని నోట్‌బుక్‌లో బాధపడ్డాడు.

1816లో లండన్ దగ్గర హైగేట్‌లోని డాక్టర్ గిల్మన్ ఇంట్లో చేరాడు. 1834లో పోయేదాకా ఆ కుటుంబం నీడనే ఉన్నాడు. కావ్యం పక్కన మార్జిన్‌లో ఉండే, కోల్‌రిడ్జే రాసిన వచన వ్యాఖ్యలు మొదటిసారి అచ్చయింది 1817లో. కవి సొంత బాధ కావాలంటే అక్కడ వెతకండని పిల్లలకు చెబుతాను. నాలుగో భాగంలో, శవాల మధ్య ఒంటరిగా ఉన్న నావికుడు చంద్రుణ్ణి, నక్షత్రాలను చూస్తాడు. ఆకాశమంతా వాటి సొంత ఊరే అంటుంది వ్యాఖ్య. ఇంట్లోవాళ్లు ఎదురుచూస్తున్న యజమానుల్లా, కబురు పెట్టకుండానే అవి లోపలికి వస్తాయట. రాగానే అక్కడ చప్పుడు లేని సంతోషమట. ఇంకొకరి ఇంట్లో ఉంటున్న మనిషి ఈ మాటలు అచ్చుకిచ్చాడు. మీ పాఠ్యపుస్తకంలో మార్జిన్ వ్యాఖ్యలు లేకపోతే, ఉన్న ప్రతి తెచ్చుకుని ముందు ఆ పేజీ చదవండి.