మెదడు కణితి: కీమోకు ముందు అండాలకు దొరికే రెండు వారాలు

మెదడులో కణితికి చికిత్స తీసుకున్న అమ్మాయికి నెలసరి ఆగిపోతే, దెబ్బ ఎక్కడ తగిలిందో ముందు తేల్చాలి. తలకిచ్చే రేడియేషన్ మెదడులో హార్మోన్లను నడిపే హైపోథాలమస్‌నో, దాని కింద ఉండే పిట్యూటరీ గ్రంథినో దెబ్బతీస్తే, అండాన్ని ఎదిగించి విడుదల చేయించే ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ హార్మోన్లు తగ్గుతాయి. అండాలు మాత్రం ఉంటాయి. ఆ హార్మోన్లనే ఇంజెక్షన్లుగా ఇచ్చి తర్వాతైనా అండం విడుదలయ్యేలా చేయవచ్చు.

కీమో సంగతి వేరు. ప్రొకార్బజైన్, లోమస్టీన్, సైక్లోఫాస్ఫమైడ్ లాంటి కీమో మందులు అండాల నిల్వనే తగ్గిస్తాయి. పోయినవి మళ్లీ పుట్టవు. మెడుల్లోబ్లాస్టోమా అనే మెదడు కణితికి వెన్ను పొడవునా ఇచ్చే రేడియేషన్ కొంత అండాశయాలకూ చేరుతుంది. 2 గ్రేల (గ్రే రేడియేషన్ కొలమానం) లోపు మోతాదు చాలు, సగం అండాలు చనిపోవడానికి. రక్తపరీక్షలో అండాల నిల్వను సూచించే ఏఎంహెచ్ హార్మోన్ పడిపోయి ఎఫ్‌ఎస్‌హెచ్ బాగా పెరిగితే నష్టం అండాశయానిది. నెలసరి లేకున్నా ఎఫ్‌ఎస్‌హెచ్ పెరగకపోతే పిట్యూటరీ వైపు చూడాలి.

కాబట్టి తర్వాత పిల్లల కోసం అండాలు తీసి దాచాల్సింది కీమోకు ముందే. సర్జరీ గాయం మానేందుకు రేడియేషన్‌కు ఎలాగూ కొన్ని వారాలు ఆగుతారు, ఆ వ్యవధి చాలు. ఈ మాట సర్జరీ వార్డులోనే ఎత్తాలి; కీమో తేదీ ఖాయమయ్యాక అడిగితే తరచూ ఆలస్యమే. నెలసరి కోసం చూడకుండా ఏ రోజైనా అండాలను ఎదిగించే హార్మోన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టవచ్చు. సుమారు 10–12 రోజులు ఇచ్చి, ఫోలికిల్స్ (అండం ఎదిగే సంచులు) 18 మి.మీ. దగ్గరికి రాగానే అండాలను పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్, 36 గంటలకు సూదితో అండాల సేకరణ, మైనస్ 196 డిగ్రీల ద్రవ నైట్రోజన్‌లో నిల్వ.

మామూలు ఐవీఎఫ్ పద్ధతి ఇక్కడ బెడిసికొట్టే చోట్లున్నాయి. అండాశయాలు ఉబ్బిపోకుండా ఈ రోజుల్లో ట్రిగ్గర్‌గా జీఎన్‌ఆర్‌హెచ్ అగోనిస్ట్ అనే మందు ఇస్తారు. అది పిట్యూటరీ చేత ఎల్‌హెచ్‌ను విడుదల చేయించాలి. పిట్యూటరీయే దెబ్బతిని ఉంటే ఎల్‌హెచ్ రాదు, అండాలు పక్వం కావు. అలాంటప్పుడు ఎల్‌హెచ్‌లా నేరుగా అండాశయంపై పనిచేసే హెచ్‌సీజీ హార్మోన్‌ను తక్కువ మోతాదులో వాడతారు. గ్లియోమా అనే మెదడు కణితి ఉన్నవారికి కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టే ముప్పు ముందే ఎక్కువ. ఈస్ట్రోజెన్ పెరిగితే అది ఇంకా పెరుగుతుంది, ఫిట్స్ కూడా రావచ్చు. అందుకే లెట్రోజోల్ మాత్ర కలిపి ఈస్ట్రోజెన్‌ను అదుపులో ఉంచుతారు. ఫిట్స్ మందు ఒక్క పూట కూడా మానకూడదు. రక్తం పలుచబరిచే ఇంజెక్షన్ ఎప్పుడివ్వాలో న్యూరోసర్జనే చెప్పాలి, ఆపరేషన్ చేసిన చోట రక్తస్రావం కావచ్చు గనక.

కీమో సమయంలో అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపేందుకు నెలనెలా ఇచ్చే ల్యూప్రోలైడ్ లాంటి ఇంజెక్షన్ వాటిని కాపాడుతుందన్న ఆధారాలు ఎక్కువగా రొమ్ము క్యాన్సర్ రోగుల నుంచి వచ్చినవే. దాన్ని నమ్ముకుని అండాలు దాచడం మానుకోవద్దు.

రజస్వల కాని పిల్లల్లో ఇంజెక్షన్లు కుదరవు. లాపరోస్కోపీతో అండాశయపు పైపొర ముక్కలు తీసి భద్రపరుస్తారు. తలలో నీరు దిగడానికి పొట్టలోకి షంట్ వేసి ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి: పొట్టలో నింపే గ్యాస్ ఒత్తిడికి షంట్ సరిగా పనిచేయకపోవచ్చు.