మిషన్ చదివి పెడితే కాపీ కొట్టినట్టా?

చిరంజీవులైన పిల్లలిద్దరికీ తాతయ్య దీవెనలు.

ఇక్కడ నేనూ మీ నానమ్మా క్షేమం. మీ ఉత్తరం అందింది. ఎప్పుడూ చేత్తో రాసే తాతయ్య ఈసారి టైప్ చేసి పంపాడేమిటా అనుకుంటున్నారేమో. చేతికేం కాలేదు, కంగారు పడకండి. కారణం చివర్లో చెబుతాను.

మీ ఉత్తరంలో కబుర్లన్నీ బాగున్నాయి గానీ, సంతకాల కింద మిగిలిన చోట్లో ఇరికించి రాసిన నాలుగు లైన్ల దగ్గర నేను ఆగిపోయాను. పెద్దాడి క్లాసులో ఒకబ్బాయికి పరీక్షలో ప్రశ్నపత్రాన్ని లాప్‌టాప్ చదివి వినిపిస్తుందట. వాడు జవాబు నోటితో చెబితే అదే టైప్ చేస్తుందట. "అది కాపీ కొట్టినట్టు కాదా తాతయ్యా? టీచర్‌ని అడిగితే అలా అనకూడదన్నారు" అని రాశారు.

అలా అనకూడదు అంటే మీ ప్రశ్నకు జవాబు వచ్చినట్టు కాదు. పరీక్షలో ఒకరికి ఉన్న సౌకర్యం ఇంకొకరికి ఎందుకు లేదని అడగడం న్యాయమే. ఇన్నేళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి, నాకూ ఇది తేల్చుకోవడానికి చాలాకాలం పట్టింది.

మీరు చెప్పినదాన్ని బట్టి ఆ అబ్బాయికి డిస్లెక్సియా ఉంది. అది కళ్ల జబ్బు కాదు, తెలివి తక్కువతనం అసలే కాదు. అక్షరాన్ని చూడగానే దాని శబ్దం మీకు ఇట్టే తడుతుంది. అసలు మీరు 'చదువుతున్నాం' అనే స్పృహ కూడా లేకుండా చదివేస్తారు. ఆ అబ్బాయికి ఒక్కో అక్షరానికీ శబ్దాన్ని వెతుక్కోవాలి, వాటిని కలుపుకోవాలి, మాట చేసుకోవాలి. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట ఏముందో జారిపోతుంది. మళ్లీ వెనక్కి. 'మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయి?' అనే ప్రశ్నకు జవాబు వాడికి మీకన్నా బాగా తెలిసి ఉండొచ్చు. కానీ ఆ ప్రశ్న వాడి బుర్రలోకి చేరేసరికే సగం టైము అయిపోతుంది.

ఇప్పుడు చెప్పండి, ఆ పరీక్ష దేనికోసం పెట్టారు? సైన్సు వచ్చో రాదో చూడటానికి. లాప్‌టాప్ ప్రశ్నను చదివింది, అంతే. కిరణజన్య సంయోగక్రియ అంటే ఏమిటో అది చెప్పలేదు. ఆ పాఠం రానివాడికి మిషన్ పదిసార్లు చదివి వినిపించినా ఒక్క మార్కు రాదు.

అయితే మీ అనుమానం పూర్తిగా తప్పని కూడా అనను. గట్టిగా చదివించి చూసే పరీక్ష ఉందనుకోండి. అక్కడ కొలిచేదే చదవడాన్ని. అందులో మిషన్ చదివి పెడితే ఆ పరీక్షకు అర్థమే ఉండదు. లెక్కల్లోనూ అంతే. అంకెలతో తంటాలు పడే అమ్మాయి పెద్ద లెక్క చేసేటప్పుడు కాలిక్యులేటర్ వాడితే సరే, ఎక్కాలు వచ్చో రాదో చూసేటప్పుడు వాడితే కాదు. కాబట్టి ఏ పరీక్షలో ఏది కొలుస్తున్నాం అని ప్రతిసారీ అడగాలి. ఇది కాస్త విసుగు పని. అందుకే చాలామంది పెద్దవాళ్లు 'అన్నిటికీ ఇచ్చేయండి' అనో 'ఏదీ ఇవ్వకండి' అనో ఒక్క మాటలో తేల్చేస్తారు.

ఇంకో మాట. మిషన్ ఉంది కదా అని ఆ అబ్బాయికి చదవడం నేర్పడం మానేస్తే అది వాడికి చేసే అన్యాయమే. శబ్దానికీ అక్షరానికీ ఉన్న లంకెను మెల్లగా, ఓపిగ్గా, మళ్లీ మళ్లీ నేర్పాలి. అది ఒక పక్క సాగుతుండగా సైన్సు, సోషలు వెనకబడిపోకుండా ఉండటానికి ఈ లాప్‌టాప్. డిస్లెక్సియా కోసమే తయారుచేసిన అక్షరాలని కొన్ని ఫాంట్లు కూడా ఉన్నాయి. వాటి మీద చాలామంది ఆశ పెట్టుకున్నారు గానీ, పరీక్షించి చూస్తే పెద్దగా తేడా కనిపించలేదు. అక్షరాల మధ్య, లైన్ల మధ్య చోటు పెంచితే మాత్రం కొందరు పిల్లలకు చదవడం తేలికవుతుంది. దానికి పైసా ఖర్చు లేదు.

సాయపడే వస్తువంటే ఎప్పుడూ కరెంటుతో నడిచేదే అక్కర్లేదు. లైను తప్పకుండా పేజీ మీద పెట్టుకునే స్కేలు, పట్టు జారకుండా పెన్సిలుకు తొడిగే రబ్బరు, తర్వాత ఏం జరుగుతుందో తెలియక కంగారుపడే పిల్లలకు రోజు కార్యక్రమమంతా బొమ్మల్లో చూపించే చార్టు, ఇవన్నీ ఆ కోవలోవే. కళ్లజోడు కూడా. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి 2022లో ఒక నివేదిక ఇచ్చాయి. ఇలాంటి వస్తువు కనీసం ఒక్కటైనా కావలసినవాళ్లు లోకంలో 250 కోట్ల మంది ఉన్నారట. అందులో దాదాపు 100 కోట్ల మందికి అవి అందడం లేదు.

ఆ 250 కోట్లలో మీ తాతయ్య కూడా ఉన్నాడు. నా చెవి మిషన్ మొదటి నెలంతా సొరుగులోనే ఉందని మీ నానమ్మ మీకు చెప్పే ఉంటుంది. కొన్నప్పుడు నేనేమనుకున్నానంటే, అది పెట్టుకోగానే అందరి మాటలూ చక్కగా వినబడతాయని. వినబడ్డాయి. వాటితోపాటు ఫ్యాను రొద, కుర్చీ ఈడ్చిన చప్పుడు, పళ్లెంలో గరిట తగిలిన మోత కూడా అంతే గట్టిగా వినబడ్డాయి. తలనొప్పి వచ్చి తీసి పారేశాను. మన చెవులు, మెదడు కలిసి అక్కర్లేని చప్పుళ్లను ఎంత నేర్పుగా పక్కకు తోసేస్తాయో నాకు అప్పుడు తెలిసింది. మిషన్ ఆ పని కొంతవరకే చేయగలదు.

క్లాసులో కూర్చున్న పిల్లవాడి గతి ఊహించండి. టీచరు దూరంగా నిలబడి, ఒక్కోసారి బోర్డు వైపు తిరిగి మాట్లాడతారు. వెనక నలభై మంది గుసగుసలు. అందుకని ఒక ఏర్పాటు చేశారు. టీచరు మెడలో చిన్న మైకు వేసుకుంటారు. దాని నుంచి మాట రేడియో తరంగాల మీద నేరుగా పిల్లవాడి చెవి మిషన్‌లోకి వెళుతుంది. టీచరు ఎక్కడున్నా చెవి పక్కనే మాట్లాడినట్టుంటుంది. ఇందులో ఒక తమాషా ఉంది. మైకు ఆపడం మరిచిపోయి టీచరు స్టాఫ్‌రూమ్‌కు వెళితే, అక్కడి కబుర్లు కూడా ఆ పిల్లవాడు హాయిగా వినేస్తాడు.

తమాషా పక్కన పెడితే ఒక లోటు కూడా ఉంది. మైకు ఉన్నది టీచరు దగ్గర కదా, మూడో బెంచీలో ఎవరో చెప్పిన జవాబు వాడికి సరిగా చేరదు. జవాబు చెప్పేవాళ్లు ఆ మైకును చేతిలోకి తీసుకుని చెబితే సరిపోతుంది. మీలాంటి వాళ్లు చేయగలిగిన పని అది. చాలా క్లాసుల్లో అది జరగదు.

మీకు ఒక పాత కథ చెప్పాలి. ఫ్రాన్సులో 1809లో లూయీ బ్రెయిల్ అనే పిల్లవాడు పుట్టాడు. నాన్న తోలుపని చేసి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్లప్పుడు ఆ పనిముట్లతో ఆడుకుంటుంటే ఆరె, అంటే తోలుకు చిల్లులు పొడిచే మొనదేలిన పనిముట్టు, కంట్లో దిగింది. పుండు రెండో కంటికీ పాకి చూపు మొత్తం పోయింది. పదేళ్లకు పారిస్‌లో అంధుల బడిలో చేరాడు. అక్కడి పుస్తకాల్లో మామూలు అక్షరాలనే ఉబ్బెత్తుగా అచ్చేసేవారు. ఒక్కో అక్షరం చుట్టూ వేలు తిప్పి పోల్చుకోవాలి. చదవడమే ఇంత కష్టం, ఇక రాసుకోవడం అయ్యే పని కాదు.

ఛార్లెస్ బార్బియే అనే ఆయన అప్పటికే చుక్కలతో ఒక పద్ధతి కనిపెట్టాడు. ఒక్కో గుర్తులో 12 చుక్కల దాకా ఉండేవి. అన్ని చుక్కలు వేలికొన కిందికి ఒకేసారి రావు. ఆ సంగతి చూపున్న బార్బియేకు తట్టలేదు, వేలితో చదివే లూయీకి తట్టింది. 12ను 6 చేశాడు. ఆ 6 చుక్కలతో 63 గుర్తులు వస్తాయి. కావాలంటే కాగితం మీద వేసి చూసుకోండి. 1824 నాటికి, 15 ఏళ్ల వయసులో, చాలావరకు తయారుచేసేశాడు. కాగితాన్ని బిగించే గళ్ల పలక ఒకటి, మొన ఉన్న చిన్న పుల్లలాంటి సాధనం ఒకటి ఉంటే చాలు, ఎవరికి వారు రాసుకోవచ్చు. మొనతో కిందికి గుచ్చి, కాగితం తిప్పి చదవాలి కాబట్టి కుడి నుంచి ఎడమకు రాస్తారు!

పిల్లలు ఎగిరి గంతేశారు. బడి పెద్దలు మాత్రం చాలాకాలం ఒప్పుకోలేదు. పాత ఉబ్బెత్తు అక్షరాలను చూపున్న టీచర్లు కూడా చదవగలరు, ఈ చుక్కలు వాళ్లకు అర్థం కావు. ఎవరి సౌకర్యం చూసుకున్నారో గమనించారా? ఆ బడి దాన్ని అధికారికంగా ఒప్పుకున్నది 1854లో. లూయీ పోయి అప్పటికి రెండేళ్లు.

ఆ తర్వాత చాలా వచ్చాయి. 1976లో రే కర్జ్‌వైల్ అనే ఆయన అచ్చుపుస్తకాన్ని అద్దం మీద బోర్లిస్తే చదివి వినిపించే మిషన్ చేశాడు. అది బల్లంత ఉండేది. ఇప్పుడు ఆ పని జేబులో ఫోను చేస్తోంది. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే చూపులేని కుర్రాడు, కంప్యూటర్ తెర మీద ఉన్నది చదివే సాఫ్ట్‌వేర్లు మరీ ఖరీదుగా ఉన్నాయని తనే ఒకటి రాయడం మొదలుపెట్టాడు. దాని పేరు ఎన్‌వీడీఏ. ఈ రోజుకీ ఉచితమే.

నేను చేసిన ఒక పొరపాటు కూడా చెప్పి తీరాలి. చాలా ఏళ్ల కిందట నా క్లాసులో ఒకమ్మాయికి చేతులు వణికేవి. రాసింది తనకే అర్థమయ్యేది కాదు. తిరిగి తిరిగి ఒక లాప్‌టాప్ సంపాదించాం. వారం వాడింది, తర్వాత ముట్టుకోలేదు. మొండిపిల్ల అనుకున్నాను. ఇంత కష్టపడి తెస్తే విలువ తెలియదని ఒకసారి నలుగురిలో కోప్పడ్డాను కూడా. నెలల తర్వాత మాటల్లో బయటపడింది, ప్లగ్ పాయింటు ఆఖరి బెంచీ పక్కన ఉంది. లాప్‌టాప్ వాడాలంటే తన స్నేహితురాలిని వదిలి వెనక ఒక్కతే కూర్చోవాలి. పొడుగు వైరున్న ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి తెచ్చి వేస్తే గొడవ తీరిపోయింది. మొదటిరోజే 'ఎందుకమ్మా వాడటం లేదు?' అని అడిగి ఉంటే సరిపోయేది. నాకు తోచలేదు.

నాలాంటి వాళ్లు లోకంలో చాలామంది ఉన్నారని తర్వాత చదివాను. 1993లో అమెరికాలో 227 మందిని అడిగి చేసిన ఒక అధ్యయనంలో, వాళ్లు తెచ్చుకున్న పరికరాల్లో 29 శాతం మూలన పడ్డాయని తేలింది. దానికి దొరికిన కారణాల్లో ఒకటి, తెచ్చేటప్పుడు వాడబోయే మనిషి అభిప్రాయం పట్టించుకోకపోవడం.

మాట రాని పిల్లలు వాడే ట్యాబ్‌లను మీరు చూసి ఉండరు. తెర మీద బొమ్మలుంటాయి, నొక్కితే అది పలుకుతుంది. అలాంటిది ఇస్తే ఇక నోటితో మాట్లాడటం మానేస్తారేమోనని అమ్మానాన్నలకు భయం. పరిశోధనల్లో అలా జరగడం కనబడలేదు, కొందరికి మాటలు పెరిగాయి కూడా. అలాంటి పిల్లలు ఎదురైతే మీరు చేయాల్సింది ఒక్కటే, ఆగడం. వెతికి, నొక్కి చెప్పడానికి టైము పడుతుంది. మధ్యలో మీరే ఊహించి వాక్యం పూర్తి చేయకండి. భౌతిక శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్ 1985లో గొంతు పోగొట్టుకున్నాక కంప్యూటర్ గొంతుతోనే మాట్లాడాడు. చివరి సంవత్సరాల్లో చెంప కండరం కదలికతో ఒక్కో అక్షరం ఎంచుకునేవాడు. తర్వాత ఎంతో సహజంగా పలికే గొంతులు వచ్చినా ఆ పాత మరమనిషి గొంతునే ఉంచుకున్నాడు. అది తన గొంతు అనుకున్నాడు మరి.

మీ ఫోనులో రెండక్షరాలు కొట్టగానే మాట మొత్తం చూపిస్తుందే, అలాంటి ఏర్పాటు మొదట్లో చేతులు సరిగా కదలనివాళ్లకు శ్రమ తగ్గించడానికి వాడింది. సినిమాలో అర్థం కాని డైలాగు కోసం మీరు పెట్టుకునే సబ్‌టైటిల్స్ టీవీలోకి వచ్చింది వినబడనివాళ్ల కోసం. మీరు వాడుతున్నప్పుడు ఎవరూ దాన్ని కాపీ అనలేదు చూశారా?

ఇక టైప్ చేసిన కారణం. చదివి పెట్టే సాఫ్ట్‌వేర్లు అక్షరాన్ని అక్షరంగా ఉంచితేనే తడుముకోకుండా చదువుతాయి. కాగితాన్ని ఫొటో తీసి పంపితే వాటికి అది ఒట్టి బొమ్మ. అందులో అక్షరాలను మళ్లీ పోల్చుకోవాలి, చేతిరాతైతే తడబడతాయి. నా చేతిరాతైతే చెప్పనే అక్కర్లేదు, మీరే ఫోన్ చేసి అడుగుతుంటారు. ఈ ఉత్తరం మీ క్లాసు అబ్బాయి గురించి కాబట్టి వాడికి చూపించాలని మీకు అనిపించవచ్చు. ముందు వాడికి ఇష్టమేనా అడగండి. సరేనంటే స్క్రీన్‌షాట్ కాకుండా ఈ ఫైలే పంపండి. జవాబు రాస్తే నాకు ఆనందం. టైప్ చేసినా సరే, మాటల్లో రికార్డు చేసి పంపినా సరే. రికార్డు చేస్తే మాత్రం కాస్త నిదానంగా మాట్లాడమనండి, చెవి మిషన్ ఉన్నా నాకు గబగబా మాటలు అందవు.

ఉంటాను.

మీ తాతయ్య