"గేమ్ ఉంది కదా, రీమాస్టర్ చేసెయ్": కొన్ని అపోహలు, వాస్తవాలు

పాత గేమ్‌లను కొత్త మెషీన్ల మీద నడిచేలా చేయడం, వాటి ఆర్ట్ బాగుచేయడం, అంటే రీమాస్టర్ చేయడం, నా ఉద్యోగం. తరచూ ఒకే రకం ఫోన్ వస్తుంటుంది. "అన్నా, గేమ్ మా దగ్గరే ఉంది, హెచ్‌డీ చేసిపెట్టాలి, ఎంతవుతుంది?" సోర్స్ ఫైల్స్, అంటే గేమ్ తయారుచేసినప్పటి అసలు ఫైళ్లు, ఉన్నాయా అంటే, "గేమే ఉంటే ఇంక ఫైల్స్ దేనికన్నా?" అంటారు. కాస్త నసిగితే చాలు, "గ్రిమ్ ఫాండాంగో" అనే పాత అడ్వెంచర్ గేమ్ పేరు తీస్తారు. "వాళ్లు చేశారుగా?"

చేశారు. ఎలా చేశారో చూద్దాం.

అపోహ: అసలు కంపెనీ దగ్గర అన్నీ భద్రంగా ఉంటాయి. రెజల్యూషన్ పెంచి మళ్లీ రెండర్ కొడితే (3డీ సీన్ నుంచి బొమ్మ తీస్తే) అదే రీమాస్టర్.

వాస్తవం: టిమ్ షేఫర్ దర్శకత్వంలో ఈ గేమ్‌ను లూకాస్‌ఆర్ట్స్ 1998 అక్టోబర్ చివర్లో విడుదల చేసింది. హీరో మానీ కలవేరా ఒక అస్థిపంజరం. చనిపోయినవాళ్ల లోకంలో, వాళ్లు చేసుకున్న పుణ్యాన్ని బట్టి ప్రయాణాల ప్యాకేజీలు అమ్మే ఏజెంటు. పుణ్యాత్ములైతే నంబర్ నైన్ రైలు, లేదంటే నాలుగేళ్ల నడక. ఆ తర్వాత 2012లో లూకాస్‌ఆర్ట్స్ మాతృసంస్థ లూకాస్‌ఫిల్మ్ డిస్నీ చేతికి వెళ్లింది, 2013లో లూకాస్‌ఆర్ట్స్‌లో గేమ్‌ల తయారీ ఆగిపోయింది. షేఫర్ సొంత స్టూడియో డబుల్ ఫైన్ రీమాస్టర్‌కు దిగేసరికి పాత డేటా బ్యాకప్ టేపుల్లో ఉంది. ఆ కాలపు టేపుల్ని చదివే డ్రైవ్‌లు దొరకడమే గగనమైంది. అంత పేరున్న కంపెనీ, పద్ధతిగా బ్యాకప్ తీసి పెట్టుకున్న కంపెనీ పరిస్థితే ఇది. 2015 జనవరి 27న రీమాస్టర్ వచ్చిందంటే, ఆ టేపులు మిగిలాయి కాబట్టే.

టేపుల్లో డేటా దొరికాక కూడా ఏం మార్చారో, ఏం మార్చలేదో గమనించండి. పాత్రలకు కొత్త టెక్స్చర్లు (3డీ బొమ్మల మీద అంటించే రంగుల పూతలు), కొత్త లైటింగ్ వచ్చాయి. పీటర్ మెక్‌కానెల్ సంగీతాన్ని మెల్‌బోర్న్ సింఫనీ ఆర్కెస్ట్రాతో మళ్లీ రికార్డ్ చేయించారు. బ్యాక్‌గ్రౌండ్లు మాత్రం దాదాపు పాతవే. చాలామంది దీన్ని బద్ధకం అన్నారు. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

ఆ గేమ్‌లో గదులు, వీధులు ముందే రెండర్ చేసి పెట్టిన 640 బై 480 పిక్సెళ్ల బొమ్మలు. వాటి మీద మానీ, మిగతా పాత్రలు మాత్రం నిజంగా 3డీలో నడుస్తాయి. ప్రతి బొమ్మకూ జతగా కంటికి కనిపించని డెప్త్ ఇమేజ్ ఒకటి ఉంటుంది. మానీ టేబుల్ వెనక్కి వెళ్తే అతని కాళ్లు ఏ అంచు దగ్గర మాయమవ్వాలో చెప్పేది అదే. బొమ్మను ఏఐతో నాలుగింతలు పెంచారనుకోండి, టేబుల్ అంచును అది తన ఇష్టమొచ్చినట్టు నున్నగా గీస్తుంది. డెప్త్ ఇమేజ్ మాత్రం పాత మెట్లమెట్ల అంచుతోనే ఉంటుంది. ఇక మానీ మోకాలు టేబుల్లోంచి పొడుచుకొస్తుంది. దాన్ని సీన్ సీన్‌కీ కూర్చుని చేత్తో దిద్దాల్సిందే. ఆ బొమ్మలు తీసిన అసలు 3డీ సీన్ ఫైళ్లు లేకుండా బ్యాక్‌గ్రౌండ్ హెచ్‌డీ చేయమనడం, ఇడ్లీలు చేతిలో పెట్టి వీటిని పిండి చేసి దోసెలు పొయ్యమన్నట్టే.

ఒకాయన పిల్లల కోసం చేసిన పాత తెలుగు గేమ్ సీడీ పట్టుకొచ్చారు. ఊరి బజారు, కొట్లు, బోర్డులు, చాలా ముచ్చటైన ఆర్ట్. ఏఐలో వేసి చూపిస్తే ముందు మురిసిపోయారు. తర్వాత దగ్గరికి జరిగి "ఆ బోర్డు మీద ఏం రాసుంది?" అన్నారు. "కిరాణా" అని ఉండాల్సిన చోట తెలుగూ కన్నడమూ కాని నాలుగు సున్నాలు, ఒక కొమ్ము. అసలు ఫైళ్లు ఆ బొమ్మలు వేసినాయన కంప్యూటర్లో ఉండేవట. ఉద్యోగం మానేటప్పుడు ఆఫీసువాళ్లు దాన్ని ఫార్మాట్ చేసి ఇంకొకరికి ఇచ్చేశారట. ఆ పెద్దాయన ముఖం చూస్తే నాకే బాధేసింది. సొంత డబ్బుతో చేయించుకున్న గేమ్ అది.

అందుకే మీ గేమ్ ప్లే స్టోర్‌లో ఉందని నిశ్చింతగా ఉండకండి. అక్కడున్నది బిల్డ్ మాత్రమే, అంటే ఆడటానికి తయారైన గేమ్, దాన్ని తయారుచేసిన ఫైళ్లు కావు. ఆర్ట్ బయట చేయించుకుంటే అగ్రిమెంట్లోనే లేయర్లు కలిపేయని పీఎస్‌డీలు (ఫోటోషాప్ ఫైళ్లు), 3డీ సీన్లు, మిక్స్ చేయకముందు ఆడియో, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ వాడారో రాసిన నోట్, ఇవన్నీ ఇవ్వాలని రాయించుకోండి. ఆఖరి చెల్లింపు అవి చేతికొచ్చి, తెరుచుకున్నాకే. కొన్నేళ్లకోసారి కొత్త డిస్క్ మీదికి మార్చండి.

మిగతావి గబగబా.

అపోహ: గ్రిమ్ ఫాండాంగో అమ్ముడుపోక అడ్వెంచర్ గేమ్‌లే చచ్చిపోయాయి. పెద్ద హిట్ కాదన్నది నిజమే. ఆ సీజన్‌లోనే హాఫ్ లైఫ్, మెటల్ గేర్ సాలిడ్ లాంటి పెద్ద గేమ్‌లు వచ్చాయి మరి. కానీ 2000లో అదే లూకాస్‌ఆర్ట్స్ మంకీ ఐలాండ్ అనే అడ్వెంచర్ గేమ్ నాలుగో భాగం తెచ్చింది.

అపోహ: రీమాస్టర్ ప్లేస్టేషన్‌కు మాత్రమే. 2014లో ఈ3 అనే గేమ్‌ల ప్రదర్శనలో సోనీ వేదిక మీద ప్రకటించగానే పుట్టిన పుకారు ఇది. దాదాపు నెల రోజులకే విండోస్, మ్యాక్, లినక్స్ కూడా ఉన్నాయని డబుల్ ఫైన్ చెప్పింది. ప్రకటన పూర్తిగా చదవకుండా ఫార్వర్డ్ చేసేవాళ్లకు ఏం చెప్పగలం?

అపోహ: ఫ్యాన్ మోడ్‌లంటే (అభిమానులు గేమ్‌కు సొంతంగా చేసే మార్పులు) కంపెనీలకు పడదు. మొదట్లో మానీని కీబోర్డుతో ట్యాంకులా తిప్పాల్సి వచ్చేది. మౌస్‌తో ఆడేలా మోడ్ చేసింది టోబియాస్ ఫాఫ్ అనే అభిమాని. షేఫర్ ఆయనతో మాట్లాడి ఆ పనిని రీమాస్టర్‌లోకి తీసుకున్నారు.

అపోహ: గ్రిమ్ ఫాండాంగో పాత సీడీ పనికిరాదు. "అన్నా, కాలేజీ రోజుల్లో కొన్నది, ఇక పోయినట్టేనా?" అని టెన్షన్ పడుతూ అడుగుతారు. పోలేదు. వేగమైన ప్రాసెసర్ల మీద ఫోర్క్‌లిఫ్ట్, లిఫ్ట్ పజిల్ దగ్గర ఇరుక్కుపోయేది, సీడీ పాడైందనుకునేవాళ్లం. అది గేమ్‌లోని బగ్, లూకాస్‌ఆర్ట్స్ అప్పట్లోనే ప్యాచ్ (దాన్ని సరిచేసే ఫైలు) ఇచ్చింది. ఇప్పుడైతే స్కమ్‌వీఎమ్ అనే, పాత గేమ్‌లను నడిపే ప్రోగ్రామ్‌లో ఆ ప్యాచ్ ఫైలుతో పాటు ఎక్కించి ఆడుకోవచ్చు. సీడీలు రెండూ ఉండాలి. ముందు వాటిని కంప్యూటర్లోకి ఇమేజ్ (సీడీకి అచ్చు నకలు) తీసి పెట్టుకోండి, ఆడటం తర్వాత.