నూనె డబ్బా నుంచి గోదావరి దాకా

చిట్టితల్లికీ, చిన్నోడికీ,

తాతయ్య ఆశీస్సులు. మొన్న ఫోన్‌లో చిట్టితల్లి ఒక మాట అడిగింది. "తాతయ్యా, ఇంత ఫిజిక్స్ చదువుతున్నాం కదా, ఇదంతా పెద్దయ్యాక నిజంగా పనికొస్తుందా?" అని. చిన్నోడేమో వెనకనుంచి "నువ్వు రెండుసార్లు రిటైర్ అయ్యావంట, ఎలా?" అన్నాడు. ఇద్దరికీ చెప్పాల్సింది ఒకే కథ. అది ఫోన్‌లో తెమిలేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

నేను పుట్టింది 1964లో, అమలాపురం దగ్గర పల్లెలో. చదివింది జిల్లా పరిషత్ హైస్కూల్లో, తెలుగు మీడియం. మా బడిలో ల్యాబ్ అంటే ఒక తాళం వేసిన బీరువా. అయినా మా సైన్సు మాస్టారు పాఠాన్ని వట్టి మాటలతో వదిలేసేవారు కాదు. ఒకరోజు ఖాళీ నూనె డబ్బాలో కాసిని నీళ్లు పోసి కిరోసిన్ స్టవ్ మీద పెట్టారు. మూతిలోంచి ఆవిరి బాగా వచ్చేదాకా మరిగించి, దించి, బిరడా గట్టిగా బిగించి, పైన చన్నీళ్లు కుమ్మరించారు. ఎవరూ ముట్టుకోకుండానే డబ్బా లోపలికి నొక్కుకుపోయింది. క్లాసంతా లేచి నిలబడింది.

నీళ్లు ఆవిరైతే సుమారు 1,600 రెట్లు వ్యాపిస్తాయి. ఆ ఆవిరి డబ్బాలోని గాలిని బయటికి తోసేసింది. చల్లబడగానే మళ్లీ చెంచాడు నీళ్లయింది, లోపల దాదాపు శూన్యం మిగిలింది. చదరపు సెంటీమీటరుకు సుమారు కిలో బరువుతో బయటి గాలి నొక్కుతుంది కాబట్టి రేకు ఆగలేదు. మాస్టారు దీన్ని మా చేత మా మాటల్లో చెప్పించారు. ఎవరికి అర్థం కాకపోతే వాళ్లకోసం మళ్లీ మొదలుపెట్టారు. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది కాబట్టి ఇంటర్ మధ్యలో ఆపేశాను కానీ, ఆ ఒక్క పాఠాన్ని మాత్రం ఎక్కడా వదల్లేదు.

1982లో నేవీలో చేరాను. మొదటి శిక్షణ ఒడిశాలో, చిలికా సరస్సు ఒడ్డున ఉన్న ఐఎన్ఎస్ చిల్కాలో. హిందీ ముక్క రాదు, ఇంగ్లిష్ అంతంతమాత్రం. పక్క మంచం కుర్రాడు పంజాబీ. ముందు పరుగులు నేర్చుకున్నాం, తర్వాత ఒకరి భాష ఒకరం. అక్కణ్నుంచి నన్ను ఇంజిన్ పనికి ఎంపిక చేసి లోనావాలాలోని ఐఎన్ఎస్ శివాజీ అనే నేవీ ఇంజినీరింగ్ బడికి పంపారు. అక్కడ బోర్డు మీద ఆవిరి ఓడ బొమ్మ గీసి, టర్బైన్ (ఆవిరి తోపుకి తిరిగే చక్రాలు) పక్కన "కండెన్సర్" అని రాశారు. దాని పని వివరిస్తుంటే నాకు ప్రాణం లేచొచ్చింది. అది మా నూనె డబ్బాయే! టర్బైన్ తిప్పి బయటికొచ్చిన ఆవిరి, సముద్రపు నీళ్లు పారే గొట్టాలకు తగిలి చల్లబడి నీరవుతుంది. అక్కడ శూన్యం ఏర్పడుతుంది. ఎదురు ఒత్తిడి తగ్గేసరికి అదే ఆవిరి టర్బైన్ చేత ఇంకా ఎక్కువ పని చేయిస్తుంది. ఆ నీటిని మళ్లీ, ఆవిరి కాచే బాయిలర్‌కే పంపుతారు. చుట్టూ సముద్రమున్నా ఉప్పునీళ్లు బాయిలర్‌లో పోయకూడదు, గొట్టాలు పాడైపోతాయి. ఓడలో మంచినీళ్లు తగ్గితే మనుషుల స్నానాలు ఆపుతారు కానీ బాయిలర్‌కి ఆపరు.

తర్వాత నాకు దొరికిన ఓడ పేరు చూడండి, ఐఎన్ఎస్ గోదావరి. ముంబయిలోని మజగావ్ డాక్‌లో కట్టారు, 1983 డిసెంబర్ 10న నేవీలో చేరింది. కోనసీమ కుర్రాడికి ఆ పేరున్న ఓడ దొరకడం ఎంత గర్వమో మాటల్లో చెప్పలేను. ఓడ 27 నాట్ల వేగంతో వెళ్లగలిగేది, అంటే గంటకు 50 కిలోమీటర్లు. ఆ వేగమంతా కింద రెండు బాయిలర్లు కాచిన ఆవిరిదే.

బాయిలర్ గదిలో ఎండ ఉండదు, సముద్రం కనపడదు. ఒళ్లంతా చెమట. అక్కడ కన్ను తిప్పకుండా చూడాల్సింది నీటిమట్టం చూపే గాజు గొట్టాన్ని. అందులో నీళ్లు కనపడకపోతే ఎవరినీ అడగకుండా ముందు మంట ఆపేయాలి. పొగగొట్టంలోంచి నల్ల పొగ వస్తే మంటకు గాలి చాలడం లేదని, తెల్ల పొగ వస్తే గాలి ఎక్కువైందని అర్థం. పొగ కనపడితే శత్రువుకు మన జాడ దూరం నుంచే తెలిసిపోతుంది కాబట్టి అది చిన్న విషయం కాదు.

చిన్నోడా, నీకు లెక్కలిష్టం కదా. ఓడలో డ్యూటీని వాచ్ అంటారు, నాలుగేసి గంటలు. రోజుకు ఆరు వాచ్‌లు, మనుషులు మూడు జట్లు. అలా అయితే ఒక జట్టుకి రోజూ అర్ధరాత్రి 12 నుంచి 4 దాకా ఉండే మిడిల్ వాచే పడుతుంది, పాపం. అందుకని సాయంత్రం 4 నుంచి 8 దాకా ఉన్న వాచ్‌ని రెండు ముక్కలు చేశారు. వాటిని డాగ్ వాచ్‌లంటారు. ఇప్పుడు ఏడయ్యాయి. ఏడుని మూడుతో భాగిస్తే ఒకటి మిగులుతుంది కాబట్టి రోజూ వంతు మారుతుంది. ఎవరు కనిపెట్టారో కానీ, న్యాయం తెలిసిన మనిషి.

1988 నవంబర్‌లో మాల్దీవుల్లో ప్రభుత్వాన్ని కూలదోయడానికి కిరాయి సైనికులు దిగారు. మన పారా సైనికులు విమానంలో వెళ్లి కాపాడారు. దాడి చేసినవాళ్లు బందీలను తీసుకుని ప్రోగ్రెస్ లైట్ అనే సరుకుల ఓడలో పారిపోతుంటే మా గోదావరి, బేత్వా అనే మరో నేవీ ఓడ వెంటపడి ఆపాయి. నవంబర్ 6న వాళ్లు లొంగిపోయారు. అప్పుడు నేను ఏం చూశానని అడుగుతారు. ఏమీ చూడలేదు. వేగం పెంచమన్న ఆర్డర్, తగ్గించమన్న ఆర్డర్, గాజు గొట్టంలో నీళ్లు. అంతే. అయినా ఆ ఓడని పట్టుకున్నవాళ్లలో నేనూ ఉన్నాననే ఇప్పటికీ అనుకుంటాను.

మీ అమ్మమ్మతో పెళ్లి 1986లో అయింది. కొన్నేళ్లు ముంబయిలో క్వార్టర్స్‌లో ఉన్నాం. తర్వాత మా అమ్మకు బాగోక తను పిల్లల్ని తీసుకుని ఊరికి వెళ్లింది. మధ్యలో ఇన్‌లాండ్ కవర్లే. 1996 నవంబర్ 6న కోనసీమ మీద తుపాను పడింది. వెయ్యి మందికి పైగా పోయారు. నేను లోనావాలాలో రేడియోలో విన్నాను. ఫోన్ లైన్లు లేవు. ఆ రోజుల టెన్షన్ నాకు ఏ సముద్రంలోనూ రాలేదు. మీ అమ్మకు అప్పుడు తొమ్మిదేళ్లు. చీకటి పడకముందే మీ అమ్మమ్మ మా అమ్మనీ పిల్లల్నీ పక్కవీధి డాబా ఇంటికి చేర్చింది కాబట్టి అందరూ బతికారు. మా పెంకుటిల్లు కప్పు లేచిపోయింది, కొబ్బరిచెట్లు పడిపోయాయి. నాకు సెలవు దొరికి వెళ్లేసరికి కప్పు మీద తాటాకు వేయించి, పిల్లల్ని బడికి కూడా పంపేస్తోంది. నాకు పతకాలిచ్చారు. తనకెవరూ ఇవ్వలేదు. అది న్యాయం కాదని నా అభిప్రాయం.

నేవీలో నా ఒప్పందం 15 ఏళ్లు. అది పూర్తయితే పెన్షన్ వస్తుంది. ఇంకా ఉండొచ్చు కానీ, తుపాను తర్వాత ఉండబుద్ధి కాలేదు. 1997లో పెట్టీ ఆఫీసర్‌గా బయటికొచ్చాను, 32 ఏళ్లకి. అదీ మొదటి రిటైర్మెంటు. మాజీ సైనికుల కోటా ఉన్నా ఉద్యోగం ఊరికే రాదు. బయట బాయిలర్ నడపాలంటే బాయిలర్ అటెండెంట్ పరీక్ష వేరే పాసవాలి. రాత్రుళ్లు చదివేవాణ్ని, మీ అమ్మమ్మ ప్రశ్నలు అడిగేది.

1998లో విశాఖ ఉక్కు కర్మాగారంలో, అక్కడి థర్మల్ పవర్ ప్లాంటులో చేరాను. "విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు" అని 1966లో జనం ప్రాణాలిచ్చి సాధించుకున్న ఫ్యాక్టరీ అది. అక్కడి మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ (ఇనుప ఖనిజాన్ని కరిగించే పెద్ద కొలిమి) పేరేంటో తెలుసా? గోదావరి! ఉక్కు తయారీలో వచ్చే గ్యాసులను వృథా పోనీయకుండా బొగ్గుతో పాటు బాయిలర్లలో మండిస్తారు. ఫర్నేస్ గ్యాసులో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దానికి వాసన ఉండదు, కానీ ప్రాణం తీస్తుంది. అందుకే ఆ గ్యాసుని పసిగట్టే మీటరు లేకుండా లోపలికి ఎవర్నీ వెళ్లనిచ్చేవాణ్ని కాదు. మిగతాదంతా నాకు తెలిసిన పనే. బాయిలర్, టర్బైన్, కండెన్సర్. కొత్తగా చేరిన డిప్లొమా పిల్లలకి కండెన్సర్ గురించి చెప్పాల్సొస్తే నేనూ ముందు డబ్బా, స్టవ్వే తెప్పించేవాణ్ని. 2024లో అరవై నిండి రెండోసారి రిటైరయ్యాను.

వేసవి సెలవులకు రండి. ఆర్కే బీచ్‌లో ఐఎన్ఎస్ కుర్సురా జలాంతర్గామి లోపలికి తీసుకెళ్తాను. 1969 నుంచి 2001 దాకా నేవీలో పనిచేసింది. అందులో డీజిల్ ఇంజిన్లున్నాయి. డీజిల్ మండాలంటే గాలి కావాలి కదా, మరి నీళ్లలో మునిగి ఉన్నప్పుడు అది ఎలా నడిచేది? ఇద్దరూ ఆలోచించి, మీ మాటల్లో రాసి పంపండి. గూగుల్‌ని అడగొద్దు, అమ్మని అడగొచ్చు.

మీ తాతయ్య,
గాజువాక