తుపాకీ ఎందుకు మొరాయిస్తుంది? అపోహలు - వాస్తవాలు

తుపాకులను విప్పి శుభ్రం చేసి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ బిగించి, కాల్చి చూసి అప్పగించడం నా వృత్తి. షూటింగ్ మీద ఇష్టమున్నవారు నలుగురు ఒకచోట చేరితే ఏ తుపాకీని నమ్మవచ్చు, ఏది అదను చూసి మొరాయిస్తుంది అన్న వాదన తప్పక మొదలవుతుంది. ఆ వాదనలో తుపాకుల పేర్లు పదేపదే వినిపిస్తాయి గానీ, ఎన్ని తూటాలు కాల్చారు, ఏ మ్యాగజైన్ (తూటాలు నింపే పెట్టె) పెట్టారు, ఆఖరిసారి నూనె ఎప్పుడు రాశారు అన్న మాటలు వినిపించవు. తుపాకీ, మ్యాగజైన్, తూటా, నూనె, పట్టుకున్న చెయ్యి, ఈ ఐదూ కలిసి పనిచేసే తీరునే నేను విశ్వసనీయత అంటాను. నా బల్ల మీదికి వచ్చే ఫిర్యాదుల్లో తరచుగా వినే అపోహలను ఇక్కడ ఒక్కొక్కటిగా తీసుకుంటున్నాను.

అపోహ: "నా పిస్టల్ 200 తూటాలు ఒక్కసారి కూడా ఆగకుండా కాల్చింది. ఇక దానికి తిరుగులేదు."

వాస్తవం: 200 తూటాలు చాలా చిన్న పరీక్ష. సగటున 500 తూటాలకు ఒకసారి ఆగే తుపాకీని తీసుకుని 200 తూటాల పరీక్ష పెడితే, మూడింట రెండుసార్లు అది ఒక్క మచ్చ కూడా లేకుండా బయటపడుతుంది. దీనికి గణాంకశాస్త్రంలో ఒక సులువైన లెక్క ఉంది: ఒక్క వైఫల్యమూ లేకుండా ఎన్ని తూటాలు కాల్చామో ఆ సంఖ్యతో మూడును భాగిస్తే, 95 శాతం నమ్మకంతో చెప్పగలిగే గరిష్ఠ వైఫల్య రేటు వస్తుంది. 200 తూటాలకు అది 1.5 శాతం, అంటే సుమారు 67 తూటాలకు ఒకసారి ఆగే అవకాశాన్ని కూడా ఆ పరీక్ష తోసిపుచ్చలేదు. వెయ్యికి ఒకటి కంటే తక్కువే అని చెప్పాలంటే 3,000 తూటాలు ఏ ఆటంకమూ లేకుండా కాల్చాలి. సొంత ఖర్చుతో అంత పరీక్ష చేసినవారిని నేను వేళ్ల మీద లెక్కపెట్టగలను.

పెద్ద పరీక్షల అంకెలనైనా జాగ్రత్తగా చదవాలి. 2007లో అమెరికా సైన్యం నాలుగు రకాల కార్బైన్లను (పొట్టి రైఫిళ్లను) దట్టమైన ధూళిలో పరీక్షించింది. ఒక్కో రకానికి 10 తుపాకులు, ఒక్కో తుపాకీకి 6,000 తూటాలు, అంటే రకానికి 60,000 తూటాలు. ఎం4 882 సార్లు, హెచ్‌కే416 233 సార్లు, స్కార్ 226 సార్లు, ఎక్స్‌ఎం8 127 సార్లు ఆగాయి. ఎం4ను తీసిపారేయడానికి ఈ 882 అన్న అంకెను ఇప్పటికీ ఎత్తి చూపుతారు. అయితే అదే ఏడాది వేసవిలో జరిగిన అలాంటి ధూళి పరీక్షలో అదే ఎం4 ఆగింది 307 సార్లే. తుపాకీ మారలేదు, అంకె మాత్రం దాదాపు మూడింతలైంది. పైగా ఆ 882లో 239 మ్యాగజైన్ వల్ల వచ్చినవని పరీక్షకులే విడదీసి చెప్పారు. ఇంత నియంత్రణతో చేసిన పరీక్షల మధ్యే ఈ తేడా ఉన్నప్పుడు, ఒక్క తుపాకీతో ఒక్క పూట చూసిన అనుభవం మీద తీర్పు చెప్పడం తొందరపాటే.

అపోహ: "ఏకే-47 బురదలో పాతిపెట్టినా పేలుతుంది, ఎం16 మాత్రం పుట్టుకతోనే మొరాయించే తుపాకీ."

వాస్తవం: ఈ మాటలో కొంత నిజం ఉన్నందువల్లే ఇది ఇంతకాలం బతికింది. 1949లో సోవియట్ సైన్యం స్వీకరించిన కలాష్నికోవ్ రైఫిల్ (ఏకే-47)లో బోల్ట్ క్యారియర్ (తూటా వెనుక మూసే బోల్ట్‌ను ముందుకూ వెనక్కీ మోసే భాగం) బరువైనది, దాన్ని నెట్టే పిస్టన్‌కు జోరు ఎక్కువ, కదిలే భాగాల మధ్య ఖాళీ ఉదారంగా ఉంటుంది. దాని తూటా తొడుగు మొన వైపు సన్నబడుతూ పోతుంది కాబట్టి, చాంబర్ (పేలే ముందు తూటా కూర్చునే గది) నుంచి కొద్దిగా వెనక్కి జరగగానే గోడలను వదిలేస్తుంది. మసి, సన్నని దుమ్ము ఉన్నచోట ఈ గుణాలన్నీ అక్కరకొస్తాయి. కానీ సేఫ్టీ మీటను కిందికి దించినప్పుడు కుడి వైపు ఒక పొడవాటి సందు తెరుచుకుంటుంది. చిక్కటి బురద ఆ సందులోంచి నేరుగా లోపలికి పోయి, ట్రిగ్గర్ భాగాల మధ్య పేరుకుని రైఫిల్‌ను ఆపేస్తుంది. ఎం16 కుటుంబపు రైఫిల్‌కు ధూళి మూత ఉంది, అంత పెద్ద సందు లేదు, అందువల్ల చిక్కటి బురదను అది లోపలికి రానివ్వదు. లోపలికి రానివ్వకపోవడం ఒక బలం, వచ్చినదాన్ని తట్టుకోవడం వేరొక బలం.

ఎం16 అపకీర్తి వియత్నాం యుద్ధంలో మొదలైంది. రైఫిల్ రూపొందించినప్పుడు అనుకున్న మందుకు బదులు వేరే రకం మందుతో తూటాలు నింపారు. దానివల్ల కాల్పుల వేగం పెరిగింది, లోపల మసి ఎక్కువ పేరుకుంది. చాంబర్‌కు క్రోమ్ పూత లేదు, తేమ నేలలో అది తుప్పు పట్టింది, తొడుగులు చాంబర్‌కు అతుక్కుపోయాయి. దీనికి తోడు, శుభ్రం చేయనక్కరలేని రైఫిల్ అన్న ప్రచారాన్ని నమ్మి చాలామంది సైనికులకు శుభ్రపరిచే సామాగ్రి కూడా ఇవ్వలేదు. 1967లో అమెరికా కాంగ్రెస్ ఉపసంఘం దీనిపై విచారణ జరిపింది. చాంబర్‌కు క్రోమ్ పూత, శుభ్రపరిచే సామాగ్రి, శిక్షణ వచ్చాక అదే మూల నిర్మాణం దశాబ్దాల పాటు నిలబడింది. ఈ చరిత్రను నేను ప్రతిసారీ చెబుతాను, ఎందుకంటే పనిచేయని తుపాకీ పక్కన ప్రాణాలు పోగొట్టుకున్న యువకులకు జరిగిన అన్యాయం ఒక్క రైఫిల్ డిజైన్‌ది కాదు, దాన్ని సరిగ్గా పరీక్షించకుండా పంపిన నిర్ణయాలది.

ఇక్కడే ఒక మాట. భాగాల మధ్య ఉంచే ఖాళీని క్లియరెన్స్ అంటారు. తయారీలో కొలత ఎంతవరకు అటూ ఇటూ కావచ్చో చెప్పేది టాలరెన్స్. కలాష్నికోవ్‌కు టాలరెన్స్ ఎక్కువ అని చాలామంది చెప్పేటప్పుడు వారి మనసులో ఉండేది క్లియరెన్సే.

అపోహ: "రివాల్వర్ ఎన్నటికీ ఆగదు."

వాస్తవం: రివాల్వర్ అరుదుగా ఆగుతుంది, కానీ ఆగితే అక్కడికక్కడే సరిచేయడం కష్టం. ఖాళీ తొడుగులను బయటికి నెట్టే నక్షత్రాకారపు పలక కింద కాలని మందు పలుకులు రెండు చేరినా చాలు, తూటాలు వెనక్కి పొడుచుకొచ్చి సిలిండర్ (తూటాల గదులుండే, తిరిగే భాగం) బిగుసుకుపోతుంది. తేలికైన రివాల్వర్‌లో బలమైన తూటాలు వేస్తే, ఇంకా కాల్చని తూటాల్లోని గుండు కుదుపుకు ముందుకు జారి సిలిండర్‌ను తిరగనివ్వదు. ఒకే తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కి తర్వాతి గదికి వెళ్లగలగడం మాత్రం దాని నిజమైన సౌలభ్యం.

అపోహ: "ఆగిందంటే తప్పు తుపాకీదే."

వాస్తవం: స్వయంచాలకంగా లోడ్ అయ్యే తుపాకీ ఆగిందంటే నేను మొదట మ్యాగజైన్ చేతిలోకి తీసుకుంటాను. ఒకసారి ఇద్దరు మిత్రులు ఒకే మోడల్ పిస్టళ్లు రెండు తెచ్చి బల్ల మీద పెట్టారు. ఒకటి పదేపదే ఆగుతోంది, రెండోది ఆగడం లేదు. మొదటిదాన్ని ఫ్యాక్టరీ లోపంగా తేల్చుకుని, దాన్ని అమ్మేయడానికి సిద్ధపడి వచ్చారు. నేను రెండింటి మ్యాగజైన్లు అటూ ఇటూ మార్చి కాల్చమన్నాను. జబ్బు మ్యాగజైన్‌తో పాటు రెండో పిస్టల్‌కు వెళ్లిపోయింది. వెలుతురుకు ఎదురుగా పట్టి చూస్తే, తూటాను పట్టి ఉంచే పై పెదవుల్లో ఒకటి వెంట్రుకవాసి వెలుపలికి వంగి ఉంది. నేల మీద పడినప్పుడు తగిలిన దెబ్బ అది. పై తూటా కాస్త ఎత్తుగా కూర్చుని, చాంబర్‌లోకి పోవలసిన కోణం తప్పి, మొన పై అంచుకు తగులుతోంది. ఆ రోజు నుంచి ఎవరు వచ్చినా ప్రతి మ్యాగజైన్ అడుగున ఒక అంకె రాసుకోమని చెబుతున్నాను. ఆగినప్పుడల్లా ఆ అంకె పుస్తకంలో నమోదు చేస్తే, నెల తిరిగేసరికి దొంగ తనంతట తానే దొరుకుతాడు.

మ్యాగజైన్‌ను నింపి ఉంచితే స్ప్రింగ్ చచ్చిపోతుందన్న భయం కూడా చాలామందికి ఉంది. సరైన ఉక్కుతో సరిగ్గా తయారైన స్ప్రింగ్‌ను అలసట పెట్టేది ముఖ్యంగా పదేపదే నొక్కి వదలడమే, నొక్కి ఉంచడం కాదు.

తూటా విషయానికి వస్తే, 1911 మార్చిలో అమెరికా సైన్యం జరిపిన పరీక్షలో జాన్ బ్రౌనింగ్ రూపొందించిన పిస్టల్ 6,000 తూటాలను ఆగకుండా కాల్చినట్లు నమోదైంది. అవి గుండ్రటి మొన తూటాలు. దశాబ్దాల తర్వాత అదే నమూనా పిస్టళ్లలో బోలు మొన తూటాలు వేసినప్పుడు కొన్ని మొరాయించాయి, ఎందుకంటే చాంబర్‌లోకి ఎక్కించే వాలును ఆ మొన కోసం మలచలేదు. స్లైడ్ (పిస్టల్ మీది కదిలే భాగం) వెనక్కి జరిగి పనిచేసే పిస్టల్‌ను వదులుగా పట్టుకుంటే చేతితో పాటు ఫ్రేమ్ కూడా వెనక్కి పోతుంది, స్లైడ్ పూర్తి దూరం ప్రయాణించదు, ఖాళీ తొడుగు అడ్డంగా ఇరుక్కుంటుంది. అదే పిస్టల్ పక్కవారి చేతిలో చక్కగా పనిచేయడం చూసి యజమాని అయోమయపడతాడు.

అపోహ: "నూనె ఎంత పోస్తే అంత మంచిది."

వాస్తవం: లోహం మీద లోహం రాసుకునే చోట్ల పలుచని పొర చాలు. ఫైరింగ్ పిన్ (తూటాను కొట్టి పేల్చే సూది) మార్గంలో నూనె పోస్తే అది మసితో కలిసి జిగురుగా మారుతుంది. గడ్డకట్టే చలిలో పిన్ నెమ్మదించి, ప్రైమర్ (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న టోపీ) మీద దెబ్బ చాలక తూటా పేలదు. అలాగని పొడిగా వదిలేయకూడదు. ధూళి ఉన్నచోట కూడా ఎం16 తరహా బోల్ట్‌కు నూనె అవసరమే.

అపోహ: "పేలలేదా, వెంటనే తీసి తర్వాతిది కాల్చెయ్."

వాస్తవం: సాధనలో ఉన్నప్పుడు ఈ అలవాటు ప్రమాదకరం. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే, గొట్టాన్ని సురక్షితమైన దిశలోనే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగాలి, ఎందుకంటే మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంది. అంతకంటే పెద్ద ప్రమాదం మామూలు మోతకు బదులు బలహీనమైన "టప్" శబ్దం వినిపించినప్పుడు పొంచి ఉంటుంది. తూటాలో మందు లేకపోయినా, చాలకపోయినా, ప్రైమర్ బలం ఒక్కటే గుండును గొట్టంలోకి నెట్టి మధ్యలో వదిలేయగలదు. దాని వెనుక రెండో తూటా కాలిస్తే గొట్టం ఉబ్బుతుంది, లేదా పగిలిపోతుంది. అలా ఉబ్బిన గొట్టం ఒకటి నా బల్ల పక్కనే ఉంది. బయటి నుంచి చూస్తే ఏమీ తెలియదు, వేలు పెట్టి నిమిరితే మధ్యలో ఉంగరంలా చిన్న ఎత్తు తగులుతుంది. శబ్దం తేడాగా వినిపించిన మరుక్షణం కాల్పులు ఆపాలి. మ్యాగజైన్ తీసి, చాంబర్ ఖాళీగా ఉందని కళ్లతో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకున్న తర్వాతే గొట్టంలో శుభ్రపరిచే కడ్డీని చివరివరకూ దూర్చి చూడాలి. కడ్డీ మధ్యలో ఆగితే ఆ తుపాకీని ఇక కాల్చకుండా నాలాంటి పనివాడి దగ్గరికి తీసుకురావాలి.